నొచ్చి

వావిలిని ఈ ఊళ్ళో నొచ్చి అంటారు.
మొదటిరోజు తణిగాచలం గోనెసంచీ దించి
"నొచ్చి, మేడమ్" అంటే
ఎక్కడ నొచ్చిందని అడిగాను.
అతను సంచీ వైపు చూపించాడు.

అరవంలో అది ఆకు.
నాకేమో బళ్ళో వల్లెవేసిన అసమాపక క్రియ.
నొచ్చి,
ఆ తర్వాత ఏమైందో చెప్పాలి కదా.

పోరూరు చెరువు గట్టున కోసిన ఆకు
కాలేజీ మూడో అంతస్తులో, పాత పేపర్ల మీద
పదకొండు రోజులు నీడన ఎండింది.
ఒకనాటి వానగాలికి సగం ఎగిరిపోయి
హాస్టల్ మెట్ల మీద దొరికింది.
దంచి, ఆల్కహాల్లో మరిగించి, మళ్ళీ మరిగించి,
ఆరు కిలోల పచ్చదనాన్ని
గిన్నె అడుగున తారుముద్ద చేశాను.

ఎలుకలు ముప్పై. గుంపుకి ఆరు.
తోకల మీద స్కెచ్ పెన్ను గీతలు, అవే పేర్లు.
ఒకటో గుంపుకి ఉత్త జిగురునీళ్ళు.
రెండో గుంపుకి మందులషాపు మాత్ర.
మిగతా మూడింటికీ నా తారు:
కొంచెం, ఇంకొంచెం, ఇంకాస్త.
అరికాల్లోకి సూదితో వాపు ఎక్కించాలి.
ఆ వాపు కూడా సముద్రపు నాచు నుంచి తీసిందే.
ఒక మొక్క పెట్టిన మంటకి
ఇంకో మొక్కని పంచాయితీకి పిలవడం నా పని.

మూడో గంటకి పాదం
నానబెట్టిన చిక్కుడుగింజ.
గొట్టంలో ముంచితే నీళ్ళు ఎంత లేస్తే అంత బాధ.
రెండు దశాంశాల దాకా రాసుకుంటాం.

వేడిపళ్ళెం యాభై ఐదు డిగ్రీలు.
దించుతాను, స్టాప్‌వాచ్ నొక్కుతాను.
పాదం నాకితే ఆపాలి. గెంతితే ఆపాలి.
పదిహేను సెకన్లకి ఏం చెయ్యకపోయినా ఎత్తెయ్యాలి.
ఈ చివరి నియమం రాసినవాళ్ళెవరో,
వాళ్ళకో దణ్ణం.

జ్వరానికి వేరే ముప్పై.
వీపు తోలు కింద ఈస్టు ఎక్కించి
పద్దెనిమిది గంటలు ఆగాలి,
ఇడ్లీపిండి పులిసి గిన్నె దాటేంత సేపు.
ఆ రాత్రి ల్యాబులోనే ఉండిపోయాను.
పాలు చేపుకొచ్చి జాకెట్టు తడిసింది.
తెల్లారి మందులు పట్టి గంట గంటకీ థర్మామీటరు.
ముప్పై ఎనిమిదిన్నర. ముప్పై తొమ్మిది.
ఫోనులో మా ఆయన, "పాపకి ఒళ్ళు వెచ్చగా ఉంది."
చుక్కలమందు వెయ్యమన్నాను, ఇప్పుడే, వెంటనే అన్నాను.
అని,
ఒకటో గుంపు పంజరం వైపు
కాసేపు తల తిప్పలేకపోయాను.

ఐదు నెలల కిందట సూళ్ళూరుపేటలో
మా పెద్దమ్మ ఈ ఆకే డేగిసాలో కాచి
బాలింత నడుం మీద చెంబులకొద్దీ పోసింది.
ఎంత వేడో మోచెయ్యి ముంచి చూసింది, అంతే.
"లాగేసిందా?" అంది.
"లాగేసింది పెద్దమ్మా" అన్నాను.
ఒక్క మనిషి మాట. పట్టికలోకి రాదు.

వాపుకి రెండు నక్షత్రాలు వచ్చాయి, ఎక్కువ మోతాదుకి.
జ్వరానికి ఒకటి.
వేడిపళ్ళెం వరసలో ఏమీ లేదు.
"నొప్పి తగ్గలేదనా సార్?"
"తగ్గిందని చెప్పడానికి లేదు, అంతే"
అన్నారు ఇన్బనాథన్ గారు, కళ్ళజోడు తుడుచుకుంటూ.
అయిపోయాక ఎలుకల్ని ఏం చేస్తారో
ఫారంలో ఒక గడి ఉంటుంది.
నింపాను. చేశాను కూడా.

సాయంత్రం పంజరాలు కడిగే చప్టా దగ్గర
తణిగాచలం ప్యాంటు మడిచి
బకెట్లో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాడు.
మోకాళ్ళు ఉబ్బి ఉన్నాయి. నీళ్ళలో నొచ్చి రెమ్మలు.
"ఎలుకకి పనిచేసిందా?"
"వాపుకి చేసింది. నొప్పి సంగతి చెప్పలేం."
అతను కాస్త ఆలోచించాడు.
"దాన్ని అడిగారా?"
అని, సమాధానం కోసం ఆగకుండా
ఇంకో మగ్గు వేణ్ణీళ్ళు పోసుకుని
స్... అన్నాడు.